కాలేజీలో నమూనా శాసనసభ ఎలా నడపాలి: ప్రశ్న చీటీ నుంచి ఓట్ల లెక్క దాకా

నమూనా శాసనసభ పెట్టే కాలేజీలు చాలావరకు ఒకేచోట దారి తప్పుతాయి. ముందే ప్రసంగాలు రాయించి, బట్టీ పట్టించి, ఒకరి తర్వాత ఒకరిచేత అప్పజెప్పిస్తాయి. అది వక్తృత్వ పోటీ అవుతుంది. సభంటే ఒకరు అడగాలి, ఎదుటివాళ్లు అప్పటికప్పుడు జవాబు చెప్పుకోవాలి, చెప్పలేకపోతే అది హాల్లో ఉన్నవాళ్లందరికీ తెలిసిపోవాలి. అందుకని మీ శ్రమలో సగం ప్రశ్నల మీదే పెట్టండి.

ఇక్కడ చెప్పేది గోదావరి డెల్టాలోని ఇంటర్, డిగ్రీ పిల్లలకు, గంటన్నర సభకు కుదిరే పద్ధతి. హైస్కూల్లో అయితే బిల్లు భాగం కుదించుకోండి, ప్రశ్నోత్తరాలు మాత్రం తగ్గించకండి.

ముందు ఏ సభో తేల్చుకోండి

కోటిపల్లి–నరసాపురం రైల్వే లైను సంగతి అసెంబ్లీలో రాష్ట్ర మంత్రిని అడిగించారనుకోండి, ఆయన లేచి "ఇది మా పరిధిలోది కాదు అధ్యక్షా" అని కూర్చుంటాడు. తప్పు మంత్రిది కాదు, ప్రశ్న రాయించినవాళ్లది. రైల్వేలు, చమురు, గ్యాస్ బావులు రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో ఉన్నాయి. వాటిని పార్లమెంటులోనే అడగాలి.

మన కాలువలు, మురుగు కాలువలు, ఏటిగట్లు రాష్ట్ర జాబితా 17వ అంశం కిందికి వస్తాయి. వ్యవసాయం 14, చేపల పెంపకం 21, ప్రజారోగ్యం 6. చదువులు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. పోలవరాన్ని 2014 విభజన చట్టం జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది కాబట్టి దాన్ని రెండు చోట్లా అడగవచ్చు. కానీ మొదటిసారి సభ నడిపేవాళ్లు దాని జోలికి పోకపోవడం మంచిది, గంటన్నర దానికే చాలదు. యానాం నుంచి వచ్చే పిల్లలుంటే ఒక్కమాట చెప్పి ఉంచండి: గోదావరి ఒడ్డునే ఉన్నా వాళ్ల ఎమ్మెల్యే కూర్చునేది పుదుచ్చేరి శాసనసభలో.

డెల్టాలో రోజూ తగువు పడే విషయాలు ఎక్కువగా రాష్ట్ర జాబితాలోవే గనక పార్లమెంటు కంటే శాసనసభే పెట్టుకోండి. దాళ్వాకు (రబీ పంటకు) వంతులవారీ నీళ్లు, శివారు భూములకు తడి అందకపోవడం, కాలువల్లో గుర్రపుడెక్క, వరి చేల పక్కన రొయ్యల చెరువులు... విషయాలకు కరువు లేదు.

ఎవరు ఎటు కూర్చోవాలి

సభ్యులు 36 మంది: స్పీకర్ ఒకరు, అధికార పక్షం 20, ప్రతిపక్షం 15. తేడా ఇంత తక్కువ ఎందుకంటే, ముప్ఫై మందికి ఆరుగురు ఎదురు కూర్చుంటే విప్‌లకు (సొంత పక్షం సభ్యుల్ని ఓటుకు కూడగట్టేవాళ్లకు) పనుండదు, ఓటింగ్ మీద ఎవరికీ ఆసక్తి ఉండదు. 2003లో వచ్చిన రాజ్యాంగం 91వ సవరణ ప్రకారం మంత్రులు సభ్యుల సంఖ్యలో 15 శాతం మించకూడదు. మీ 36 మందికి అది అయిదుగురు. (అసలు చట్టంలో ఏ రాష్ట్రంలోనైనా మంత్రులు 12 మందికి తగ్గకూడదన్న మినహాయింపు ఉంది, మనకది అక్కర్లేదు.) ముఖ్యమంత్రి, జలవనరులు, వ్యవసాయం-మత్స్య, రెవెన్యూ, రోడ్లు-భవనాలు సరిపోతాయి.

సభ్యులు కాకుండా సభా కార్యదర్శి ఒకరు, మార్షల్స్ ఇద్దరు, రిపోర్టర్లు ఇద్దరు. వీళ్లు కాక మంత్రికొక అధికారి చొప్పున అయిదుగురు జూనియర్లు. మొత్తం 46 మంది. అధికారుల్ని చాలామంది మర్చిపోతారు. అసలు సభలో అధికారుల గ్యాలరీ నుంచి మంత్రికి చీటీలు అందుతూనే ఉంటాయి, మీ మంత్రికీ ఆ వసతి ఉండాలి. లేకపోతే ప్రతి అనుబంధ ప్రశ్నకూ (జవాబు విన్నాక దాని మీద అడిగే ప్రశ్నకు) నీళ్లు నములుతాడు.

క్లాసులో మొదటి మార్కులవాళ్లందర్నీ మంత్రులుగా పెట్టడం ఇంకో పొరపాటు. అలాచేస్తే ప్రతిపక్షానికి గొంతు తప్ప ఏమీ మిగలదు. బాగా చదివి వచ్చే ఇద్దర్ని ప్రతిపక్షంలో పెట్టండి, ఒకరిని ప్రతిపక్ష నేతగా. స్పీకర్‌కు పెద్ద గొంతు అక్కర్లేదు, నిదానం కావాలి. ఎవరూ నిజం పార్టీల పేర్లు, నిజం నాయకుల గొంతులు వాడకూడదని మొదటి రోజే చెప్పండి. మిమిక్రీ మొదలైతే సభ అయిపోయినట్టే.

హాల్లో బెంచీలు గుర్రపునాడా ఆకారంలో వేయండి. స్పీకర్‌కు కుడివైపు అధికార పక్షం, ఎడమవైపు ప్రతిపక్షం. ప్రతిపక్ష నేత ఎడమవైపు ముందు వరసలో. మధ్యలో కార్యదర్శి బల్ల, చుట్టూ కనీసం ఆరడుగుల ఖాళీ, వెల్ అంటే అదే. మైకు ఒక్కటే ఉంటే దాన్ని చేతులు మార్చుకునేసరికి సగం సమయం పోతుంది, కాబట్టి రెండు వైపులా స్టాండు మైకు ఒక్కోటి పెట్టించండి. రాజ్యాంగ దినోత్సవమని నవంబర్ 26న పెట్టుకునేవాళ్లు జనరేటర్ సంగతి ముందే చూసుకోవాలి. అది తుపాన్ల కాలం.

ప్రశ్న చీటీ రాయడం

చీటీలు ఇచ్చే గడువుకు అయిదు వారాల ముందు మొదలుపెట్టండి. ఎందుకంటే లెక్కలు కావాలి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే జవాబుకు 30 రోజుల గడువు. ఈలోగా గ్రామ సచివాలయంలో, నీటిపారుదల సెక్షన్ ఆఫీసులో, నీటి సంఘం అధ్యక్షుడి దగ్గర దొరికేది దొరుకుతుంది. 1997 చట్టం కింద ఏర్పడ్డ నీటి సంఘాలకు తమ కాలువ కింద ఆయకట్టు ఎంతో, ఎక్కడ నీరు అందడం లేదో తెలుస్తుంది.

నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబిస్తాడు, దాని మీద అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబే. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు జాబితాలోకి ఎక్కుతాయి, గంటలో అన్నీ పూర్తికావడం అరుదు. మీకు పాతిక నిమిషాలే కనక అయిదు చాలు. ఆరోది చేతిలో ఉంచుకోండి.

ప్రశ్న ఇలా ఉండాలి:

"జలవనరుల శాఖ మంత్రి దయచేసి ఈ కింది విషయాలు తెలియజేస్తారా: అ) ఫలానా పంట కాలువ కింద శివారు గ్రామాలకు గత దాళ్వాలో వంతులవారీగా కూడా నీరు అందలేదన్న విషయం వాస్తవమేనా, ఆ) అయితే, ఎన్ని ఎకరాలకు అందలేదు, అందుకు కారణాలేమిటి, ఇ) వచ్చే దాళ్వా నాటికి తీసుకోబోయే చర్యలేమిటి?"

లోక్‌సభ నియమాల ప్రకారం ప్రశ్న 150 మాటలు దాటకూడదు, వాదన, ఆరోపణ, ఎత్తిపొడుపు ఉండకూడదు, కోర్టు విచారణలో ఉన్న విషయం అడగకూడదు, ఊహించి 'అలా జరిగితే ఏం చేస్తారు' అనకూడదు. మామూలు పుస్తకాల్లో దొరికే సంగతీ పనికిరాదు: ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందా అని మంత్రిని అడగడం సభ సమయం తినడమే. ఇక మన గోదావరి వెటకారం ప్రసంగంలో ఎంతైనా శోభిస్తుంది గానీ, చీటీలో కనిపిస్తే కార్యదర్శి దాన్ని వెనక్కి పంపాలి.

చీటీలు సభకు పదిహేను రోజుల ముందు కార్యదర్శికి అందాలి. లోక్‌సభలోనూ పదిహేను పూర్తి రోజుల నోటీసు ఇవ్వాలి. అయిదింటిలో రెండు ప్రశ్నలు అధికార పక్ష సభ్యులవే అయ్యేలా చూడండి. మంత్రి కానివాళ్లందరికీ, ఏ పక్షం వాళ్లకైనా, ప్రశ్నించే హక్కు ఉంది. సొంత పార్టీ మంత్రిని ఇరకాటంలో పెట్టకుండా, ఊరి కష్టం దాచకుండా అడగడం ప్రతిపక్షంలో ఉండి అడగడం కంటే కష్టం. ఆ పని తెలివైన పిల్లకు అప్పగించండి.

జవాబు, అనుబంధ ప్రశ్న

మంత్రి జవాబు ప్రశ్నలోని అ, ఆ, ఇ వరసలోనే రావాలి: "అ) లేదు అధ్యక్షా. ఆ), ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు." అసెంబ్లీ జవాబులు చదివినవాళ్లకు ఈ మాట బాగా తెలుసు. ఒక్క 'లేదు'తో మిగతా ప్రశ్న అంతా రాలిపోతుంది. అందుకే 'అ' భాగాన్ని తేలిగ్గా కాదనలేని విధంగా రాయాలి. "నీరు అందలేదన్నది వాస్తవమేనా" అంటే లేదనవచ్చు. "నీరు అందడం లేదని ఆయా గ్రామాల నుంచి ఫిర్యాదులు అందిన విషయం వాస్తవమేనా" అంటే, ఫిర్యాదు నకలు మీ చేతిలో ఉన్నప్పుడు, అంత సులువు కాదు.

రాసిన జవాబును ప్రశ్న అడిగిన సభ్యుడికి సభకు అరగంట ముందే ఇవ్వండి. అనుబంధ ప్రశ్నలు మాత్రం ముందుగా రాయించవద్దు, రాసినవి మంత్రికి అసలు చూపించవద్దు. అడిగినవారికి రెండు, మిగతా సభ్యుల్లో ఒకరికి ఒకటి, తర్వాత స్పీకర్ రెండో ప్రశ్నకు పోవాలి. ఒక్కో అనుబంధ ప్రశ్నకు అర నిమిషం, జవాబుకు నిమిషం.

"రైతుల కన్నీళ్లు ఈ ప్రభుత్వానికి కనపడవా?" అంటే చప్పట్లు వస్తాయి, మంత్రి బతికిపోతాడు. "గుర్రపుడెక్క తీయించామన్నారు, ఏ నెలలో తీయించారు అధ్యక్షా?" అంటే మంత్రి అధికారి చీటీ కోసం వెనక్కి చూడాల్సి వస్తుంది. ఒక ప్రశ్నలో ఒకే సంగతి అడగాలి. మూడు కలిపి అడిగితే మంత్రి తనకు తేలికైనది ఎంచుకుని మిగతా రెంటినీ మింగేస్తాడు. అనుబంధ ప్రశ్న మంత్రి చెప్పిన జవాబులోంచే పుట్టాలి. కాలువ మీద జవాబు వస్తే రోడ్డు గుంటల గురించి అడిగితే స్పీకర్ ఆపాలి.

మంత్రికి తెలియకపోతే "వివరాలు తెప్పించి గౌరవ సభ్యులకు పంపిస్తాను అధ్యక్షా" అనవచ్చు. అది తప్పు కాదు. కానీ అయిదు ప్రశ్నలకూ అదే జవాబైతే న్యాయనిర్ణేతలు మార్కులు కోయాలి.

రోజు కార్యక్రమం

కోరం (సభ నడవడానికి ఉండాల్సిన కనీస హాజరు) చూడటంతో మొదలు. రాజ్యాంగం 189వ అధికరణ ప్రకారం పదిమంది లేదా సభ్యుల్లో పదోవంతు, ఏది ఎక్కువైతే అది. 175 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 18, మీ 36 మందికి 10. తర్వాత సంతాప తీర్మానం ఉంటే మూడు నిమిషాలు, ప్రశ్నోత్తరాలు 25, జీరో అవర్ 10, బిల్లు 40, ఓటింగ్ 10.

జీరో అవర్ నిజానికి నియమావళిలో లేని అలవాటు. ప్రశ్నోత్తరాలు మధ్యాహ్నం 12కు ముగిశాక మొదలయ్యేది కాబట్టి ఆ పేరు. ఇక్కడ సభ్యుడు నిమిషంలో విషయం చెప్పి కూర్చోవాలి. మంత్రి వెంటనే జవాబివ్వనక్కర్లేదు, "నోట్ చేసుకున్నాం అధ్యక్షా" అంటే చాలు. పిల్లలు దీన్ని చర్చగా మారుస్తారు, ఒప్పుకోవద్దు.

స్పీకర్ చేయాల్సినవి

సభ్యులు ఎవరితో మాట్లాడినా స్పీకర్‌తోనే మాట్లాడాలి, "అధ్యక్షా" అనే. "నువ్వు చెప్పావు కదా" అని ఎదుటివాళ్ల వైపు తిరిగితే వెంటనే ఆపండి. "గౌరవ మంత్రిగారు చెప్పారు" అనాలి. స్పీకర్ లేచి నిలబడితే మాట్లాడుతున్నవాళ్లు కూడా కూర్చోవాలి. ఈ ఒక్క నియమం సరిగ్గా పాటిస్తే సగం గొడవ ఉండదు, అందుకని రిహార్సల్‌లో పదిసార్లైనా చేయించండి. మాట్లాడే సభ్యుడికీ స్పీకర్‌కూ మధ్యలోంచి ఎవరూ నడవకూడదు.

పాయింట్ ఆఫ్ ఆర్డర్ (సభ నియమం తప్పుతోందన్న అభ్యంతరం) వచ్చినప్పుడు స్పీకర్ మొదట అడగాల్సింది "ఏ నియమం?" అని. నియమం చెప్పలేకపోతే అది పాయింట్ ఆఫ్ ఆర్డర్ కాదు, మాట్లాడాలన్న కోరిక. దాని మీద చర్చ ఉండదు, స్పీకర్ నిర్ణయమే చివరిది. ప్రశ్నోత్తరాల వేళ దీన్ని అసలు అనుమతించవద్దు.

'అబద్ధం' అన్నమాట సభలో నడవదు, 'వాస్తవ దూరం' అనవచ్చు. హద్దు దాటిన మాటను స్పీకర్ రికార్డుల నుంచి తొలగించమనాలి. రిపోర్టర్ ఆ చోట 'అధ్యక్షస్థానం ఆదేశం మేరకు తొలగించబడింది' అని రాసుకోవాలి. క్షమాపణ కోసం పట్టుబట్టి పావుగంట పోగొట్టుకోవడం కంటే ఇది మేలు. హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల విధి నిర్వహణ గురించి శాసనసభలో చర్చించకూడదని 211వ అధికరణ చెబుతోంది. అదీ స్పీకర్‌కు గుర్తుండాలి.

బిల్లు

డెల్టాకు బాగా పనికొచ్చే విషయం మురుగు కాలువలు. చెరువుల ఉప్పునీరు డ్రెయిన్‌లోకి, అక్కడి నుంచి వరి చేలలోకి వస్తోందని ఒక పక్షం, చెరువు లేకపోతే ఇంటికి ఆదాయమే లేదని ఇంకో పక్షం. రెండింటిలోనూ నిజముంది గనకే చర్చ నిలబడుతుంది. 2011 సార్వాలో (ఖరీఫ్‌లో) కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన (ఆ పంట వేయకుండా ఊరుకున్న) సంగతి రెండు పక్షాలూ తమకు అనుకూలంగా వాడుకోవచ్చు. అవిశ్వాస తీర్మానం మాత్రం మొదటిసారి పెట్టుకోవద్దు. విషయం చిన్నదైపోయి అరుపులు పెద్దవవుతాయి.

'గోదావరి డెల్టా మురుగు కాలువల పరిరక్షణ బిల్లు' అని ఆరు క్లాజులు రాయండి: 1 పేరు, 2 నిర్వచనాలు, 3 ఏడాదిలోగా సర్వే చేసి హద్దురాళ్లు వేయడం, 4 అనుమతి లేకుండా చెరువు నీరు వదలకూడదు, 5 జరిమానా, 6 మండల స్థాయి కమిటీ. వెనక ఉద్దేశాలు, కారణాల ప్రకటన ఒక పేజీ. ఖర్చు ఎంతో ఆర్థిక వివరణ అర పేజీ. ఆ అర పేజీ లేకపోతే ప్రతిపక్షం మొదటి దెబ్బ అక్కడే కొడుతుంది, కొట్టాలి కూడా.

మంత్రి ప్రవేశపెట్టి నాలుగు నిమిషాలు మాట్లాడాలి. ప్రతిపక్ష నేతకు అయిదు. తర్వాత ప్రతిపక్షం, అధికార పక్షం మార్చి మార్చి అయిదుగురేసి, మనిషికి రెండు నిమిషాలు. నిమిషం మిగిలి ఉండగా గంట ఒకసారి, అయిపోయాక రెండుసార్లు కొట్టించండి. మంత్రి జవాబుకు అయిదు. మిగిలిన ఆరు నిమిషాలు సవరణలకు.

సవరణ నోటీసు ముందురోజే రావాలి, మాటలు కచ్చితంగా ఉండాలి: "3వ క్లాజులో 'ఏడాది' అన్న మాటకు బదులు 'ఆరు నెలలు' అని చేర్చాలి." "జరిమానా పెంచాలి" అన్నది సవరణ కాదు, అభిప్రాయం. ఎంతకు పెంచాలో అంకె రాయాలి.

క్లాజుల వరస దగ్గర అందరూ తడబడతారు. ముందు 2 నుంచి 6 దాకా ఒక్కొక్కటీ ఓటుకు పెడతారు, తర్వాతే 1వ క్లాజు, శాసన సూత్రం (సభ దీన్ని శాసనంగా చేస్తోందని చెప్పే వాక్యం), చివరికి దీర్ఘనామం (బిల్లు ఉద్దేశం చెప్పే పూర్తి పేరు). లోపల ఏముందో తేలకుండా పేరు ఖాయం చేయరు కదా. ఇవయ్యాక 'బిల్లును ఆమోదించాలి' అన్న తీర్మానం. ఈ దశలో బిల్లు కావాలా వద్దా అన్నదే మాట్లాడాలి, క్లాజుల వివరాల్లోకి మళ్లీ దిగకూడదు.

ఓటింగ్

మొదట మూజువాణి, అంటే నోటి మాటతో ఓటు. "అనుకూలురు అవునండి, వ్యతిరేకులు కాదండి" అని స్పీకర్ అడిగి, "అవునన్నవారే ఎక్కువ" అని ప్రకటిస్తాడు. ఎవరైనా "డివిజన్" అని అడిగితే లెక్క పెట్టాలి. లోక్‌సభలో డివిజన్ గంట మూడున్నర నిమిషాలు మోగుతుంది, తర్వాత లాబీ తలుపులు మూసేస్తారు. మీరు బడి గంట ఒక నిమిషం కొట్టించి, మార్షల్స్‌తో తలుపులు వేయించండి. లోపలికి రానివాడి ఓటు పోయినట్టే. టీ తాగడానికి పోయిన ముగ్గురు మీ విప్‌కు నేర్పేది ఇంకే పాఠమూ నేర్పజాలదు. కార్యదర్శి, రెండు పక్షాల నుంచి ఒక్కొక్కరు కలిసి నిలబడ్డవాళ్లను లెక్కపెట్టాలి.

స్పీకర్ మొదట ఓటు వేయకూడదు. సమానమైతేనే నిర్ణాయక ఓటు. ఒక్క ఓటు ఎంత పని చేస్తుందో చెప్పడానికి దూరం వెళ్లనక్కర్లేదు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వ విశ్వాస తీర్మానం 269–270తో వీగిపోయినప్పుడు సభాపతి స్థానంలో ఉన్నది అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి. పిల్లలకు ఆ రోజు సభ నడిచిన తీరు చదివి రమ్మనండి.

విప్ ఆదేశం ధిక్కరించి ఓటేస్తే 1985లో వచ్చిన రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక నియమాలు) ప్రకారం సభ్యత్వం పోవచ్చు, పార్టీ పదిహేను రోజుల్లో క్షమిస్తే తప్ప. దీన్ని నిజంగా పరీక్షించాలంటే అధికార పక్షంలో ఒకరికి రహస్యంగా చెప్పి ఉంచండి: మనసు చెప్పినట్టు ఓటెయ్యమని.

గొడవ జరిగితే

వాకౌట్ చేయవచ్చు, పద్ధతి ఉంది. ప్రతిపక్ష నేత కారణం ఒక నిమిషంలో చెప్పి, సభ్యులతో కలిసి మౌనంగా బయటికి వెళ్లాలి, తర్వాతి అంశానికి తిరిగి రావాలి. ఓటింగ్ ముందు వాకౌట్ చేస్తే బిల్లు అడ్డం లేకుండా నెగ్గుతుంది. ఆ లెక్క ముందే వేసుకోవాలి. వెల్‌లోకి వస్తే స్పీకర్ మొదట వెనక్కి పొమ్మనాలి, వినకపోతే పేరు పెట్టి పిలవాలి, ఆపైన సస్పెన్షన్. లోక్‌సభ 374ఎ నియమం కింద వెల్‌లోకి దూసుకొచ్చి స్పీకర్ పేరు పిలిచిన సభ్యుడు అయిదు సమావేశ దినాలు లేదా ఆ విడత సమావేశాలు ముగిసేదాకా, ఏది తక్కువైతే అది, దానంతటదే సస్పెండ్ అవుతాడు. మీ సభలో ఓటింగ్ దాకా బయట కూర్చోబెట్టడం చాలు. నాలుగు నిమిషాలకు మించి గందరగోళం సాగితే స్పీకర్ సభను పది నిమిషాలు వాయిదా వేయాలి. ఆ పది నిమిషాలూ బిల్లు సమయంలోంచే పోతాయని ముందే చెప్పి ఉంచితే అరిచేవాళ్లను సొంత పక్షమే కూర్చోబెడుతుంది.

సభ ముగిశాక

రిపోర్టర్ల నోట్సు తీసుకుని మంత్రులు ఇచ్చిన మాటలన్నీ వేరుగా రాయించండి: "పరిశీలిస్తాం", "వివరాలు తెప్పిస్తాం", "చర్యలు తీసుకుంటాం". నిజం సభల్లో వీటిని హామీలుగా లెక్కగట్టి, ప్రభుత్వ హామీల కమిటీ వెంటపడుతుంది. కేంద్రంలో మూడు నెలల్లో నెరవేర్చాలన్నది నియమం. మీ జాబితాలో సమాచారంతో నిలబడ్డ ప్రశ్నలు రెండో మూడో తేలతాయి. వాటిని అదే ఫార్మాట్‌లో, ఆధారాల నకళ్లతో సహా మీ నియోజకవర్గ ఎమ్మెల్యే ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. సమావేశాలకు ముందే ఇవ్వాలి, నోటీసు గడువు దాటితే ఎంత మంచి ప్రశ్నైనా తర్వాతి విడత దాకా ఆగాల్సిందే.